తుఫాను రాత్రి మా అమ్మమ్మ తలుపు గడియ ఎందుకు వేయనివ్వదు?

నాగాయలంక మనవరాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాస్త వింత ప్రశ్న. నవ్వుకున్నా పర్వాలేదు, జవాబు మాత్రం చెప్పండి.

మా అమ్మమ్మది దివిసీమ. నాగాయలంకకు, అవనిగడ్డకు మధ్య ఒక చిన్న ఊరు. వయసు ఎనభై దాటింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. అది 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. నేను చెప్పబోయేది అంతకు ముందు రోజు రాత్రి సంగతి.

చీకటి పడుతుండగా అమ్మమ్మ గొడుగైనా వేసుకోకుండా దొడ్లోకి వెళ్లి గేదె పలుపు విప్పేసి వచ్చింది. అది నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి మా వరండాలో నిలబడి, రాత్రంతా చేయవలసిన పనులన్నీ అక్కడే చేసింది. ఆ తర్వాత ముందు తలుపు, వెనక తలుపు రెండింటి గడియలూ తీసేసింది. రెక్కలు గాలికి కొట్టుకోకుండా పాత చీర అంచు చింపి, రెండు రెక్కల గొళ్లేలకూ కలిపి జారుముడి వేసింది. కొస పట్టి ఒక్కసారి లాగితే ఊడిపోతుంది. ఆ ముడి వేస్తున్నప్పుడు నేను ఆమె చేతులే చూస్తున్నాను. కూరగాయలు తరిగేటప్పుడు వణికే చేతులు అప్పుడు వణకలేదు.

రాత్రి పన్నెండింటికి ఆ చప్పుడు భరించలేక లేచి గడియ వేశాను. పది నిమిషాలు కాలేదు, ఆమె లేచి తీసేసింది. నన్ను తిట్టలేదు, ఒక్క మాట కూడా అనలేదు. పీట తెచ్చుకుని గుమ్మం దగ్గరే కూర్చుంది. తెల్లవారేదాకా అలాగే ఉంది. ఎందుకమ్మమ్మా అంటే, "ఉండనీ" అంది. అంతే.

2025 అక్టోబరులో మొంథా తుఫాను రోజున హైదరాబాదులో మా అమ్మకు ఫోను చేసి, "గడియ వేయలేదు కదా?" అని అడిగింది. మేముండేది మూడో అంతస్తులో. సముద్రం ఇక్కడికి రావాలంటే మూడు వందల కిలోమీటర్ల దాకా నడవాలి.

1977 ఉప్పెన గురించి నాకు తెలియక కాదు. మా ఇంట్లో కాలమంతా దానితోనే కొలుస్తారు. చిన్న మామయ్యకు ఉప్పెనకు మూడేళ్లు. మా అమ్మ ఉప్పెన వెళ్లిన రెండో ఏడు పుట్టింది. పెరట్లో చింతచెట్టు ఉప్పెనకు ముందుది. కానీ ఆ రాత్రి ఏం జరిగిందో మాత్రం అమ్మమ్మ ఎన్నడూ చెప్పలేదు. ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి. ఈ గడియ సంగతి మా ఇంటి అలవాటేనా, అందరిదీనా?

కోడూరు మాస్టారు

అమ్మాయీ, ఇందులో వింత ఏమీ లేదు. మా ఊళ్లో ఆ తరం వాళ్లలో సగం మంది గడియ వేయరు. మిగిలిన సగం వేస్తారు కానీ తలగడ పక్కన కత్తి పెట్టుకుంటారు. నేను రెండో రకం. ఎందుకో చెబుతాను. కాస్త పెద్దదవుతుంది. ఉద్యోగం నుంచి దిగిపోయినా పాఠం చెప్పే అలవాటు పోలేదు.

మాది కోడూరు దాటి పాలకాయతిప్ప వెళ్లే వైపు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. 1977 నవంబరు 19, శనివారం. అంతకు వారం ముందే, 12వ తేదీన, ఒక తుఫాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది. రేడియోలో అదీ విన్నాం, ఇదీ విన్నాం. మొదటిది మన మీదికి రాలేదు కాబట్టి రెండోదీ రాదని మా నాన్న లెక్క. ఊరందరి లెక్కా అదే. వరి గింజ గట్టిపడుతున్న రోజులవి, ఇంకో మూడు వారాల్లో కోతలు. నాన్న దిగులంతా చేను పడిపోతుందనే. మనుషులు పోతారన్న ఆలోచన ఎవరికీ లేదు.

మాది చుట్టిల్లు. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. గుండ్రటి మట్టిగోడ, నడుమ నిట్టాడు అనే స్తంభం, దాని మీద శంకువులా దిగిన తాటాకు కప్పు, ఒకటే తలుపు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే వంగకుండా లోపలికి పోలేము. గాలికి పట్టు దొరకదు, చుట్టూ జారిపోతుంది. మా తాతల నాటి నుంచి ఎన్నో గాలివానలు చూసిన ఇల్లు. అందుకే ఆ రోజు కూడా నాన్న ధీమాగానే ఉన్నాడు. తలుపుకు అడ్డగడియ వేసి, అది చాలదని రోకలి కూడా ఊతం పెట్టాడు.

పొద్దుట గాలి ఈశాన్యం నుంచి వీచింది. మధ్యాహ్నానికి తూర్పుకు తిరిగింది. సాయంత్రానికి ఆగ్నేయం పట్టింది. అప్పుడు దీని అర్థం నాకు తెలియదు, తర్వాత పిల్లలకు చెప్పడం కోసం నేర్చుకున్నాను. తుఫాను కన్ను మాకు పడమరగా చీరాల వైపు తీరం దాటింది. మన దేశం వైపు వచ్చే తుఫానులో గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అంటే కన్నుకు కుడిచేతి వైపు ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రం నుంచి తిన్నగా వస్తుంది, నీటిని నెట్టుకుంటూ వస్తుంది. దివిసీమ సరిగ్గా ఆ కుడిచేతి వైపు పడింది. పైగా మా దగ్గర సముద్రం చాలా దూరం దాకా లోతు లేనిది. నెట్టిన నీరు అడుక్కు పోవడానికి చోటు లేక పైకి లేస్తుంది. కొన్ని చోట్ల మూడు నిలువుల ఎత్తున లేచింది.

దీపాలు పెట్టే వేళకు మా ఇంట్లో హరికెన్ లాంతరు వెలుగుతోంది. హరికెన్ అంటే తుఫానేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రాత్రి మొట్టమొదట ఆరిపోయింది ఆ లాంతరే.

అందరూ అల వచ్చింది అంటారు. మా ఇంటికి మొదట వచ్చింది అల కాదు. గడప కింద నుంచి నాలుకలా సన్నటి నీటిపాయ, దాని మీద గడ్డిపరకలు, నురగ. వాననీళ్లే అనుకుని అమ్మ గోనెసంచి అడ్డం వేసింది. మా చెల్లెలికి అప్పుడు ఏడేళ్లు. అది ఆ నీళ్లు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని, "ఉప్పగా ఉన్నాయే" అంది.

నాన్న చటుక్కున లేచాడు. లాంతరు వెలుగులో ఆయన ముఖం చూశాను, అది ఆరిపోవడానికి కాస్త ముందు. రోకలి తీసేశాడు. గడియ లాగాడు. రాలేదు. మా తలుపు లోపలికి తెరుచుకునేది. బయట నీళ్లు దాన్ని లోపలికి నెడుతున్నాయి. ఆ బరువంతా గడియ కర్ర మీద పడి అది బిగుసుకుపోయింది. అమ్మ, నేను కూడా చేయి వేశాం. రోకలితో కింది నుంచి పొడిచాం. మోకాళ్ల దాకా వచ్చిన నీళ్లు నడుముకు వచ్చాయి. చీకట్లో గడియ కర్ర మీద నాలుగు చేతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఏది ఎవరిదో తెలియదు. ఆ కర్ర నునుపు ఇప్పటికీ నా అరచేతికి గుర్తే.

నాన్న వదిలేసి అటక ఎక్కాడు. కోతలకని కక్కు కొట్టించి తెచ్చిన కొడవలి చూరులో దోపి ఉంది. దానితో లోపలి నుంచి కప్పును కోశాడు. తాటినార కట్లు తెంపి, ఆకు వరస తర్వాత వరస పీకి, తల పట్టేంత కంత చేశాడు. ముందు చెల్లెలిని తోశాడు, తర్వాత నన్ను, తర్వాత అమ్మను. తాను వచ్చేసరికి కింద గోడ బెల్లం ముద్దలా కరిగిపోతోంది. ఉన్నట్టుండి కప్పంతా ఒక పక్కకు ఒరిగి, నిట్టాడు నుంచి ఊడి, గిడుగులా నీటి మీద తేలింది. దాని వాసాలు పట్టుకుని మేము నలుగురం.

ఎంతసేపు పోయామో చెప్పలేను. ఒక విషయం మాత్రం బాగా గుర్తు. నీళ్లలో ఉన్న సగం ఒళ్లు వెచ్చగా ఉంది, పైన వాన తగిలే సగం చలికి కొంకర్లు పోతోంది. సముద్రం వెచ్చగా ఉంటుందని అప్పుడే తెలిసింది. కప్పు కాలువ గట్టు మీది సర్కారు తుమ్మల్లో చిక్కుకుని ఆగింది. ముళ్లు ఒళ్లంతా చీరేశాయి. ఆ ముళ్లే మమ్మల్ని నిలిపాయి. అదే ముళ్లలో తెల్లవారి కనిపించినవాళ్ల గురించి మాత్రం రాయను.

తెల్లవారాక నీళ్లు తీశాయి. కాకి అరుపు కూడా లేదు. ఇంటి చోటు వెతుక్కుంటూ వెళ్లాం. మా పక్కింటివారిది నాలుగు పలకల మట్టి ఇల్లు, కాకపోతే ద్వారబంధం టేకుది, లోతుగా పాతింది. గోడలు లేవు, కప్పు లేదు. ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉంది, తలుపులు మూసి. మేము వెనక వైపు నుంచి వచ్చాం. గడియ వేసే ఉంది.

అందుకమ్మా, గడియ.

పలుపు సంగతి కూడా చెబుతాను. మాకు రెండు గేదెలు. సాయంత్రం ఒకటి బాగా బెదురుతుంటే నాన్న దాన్ని విప్పాడు. రెండోది నెమ్మదిగానే ఉందని వదిలేశాడు. నెమ్మదిగా ఉన్నది గుంజ దగ్గరే పోయింది. బెదిరినది నాలుగో రోజున, కొమ్ముకు ఎవరిదో రంగు తెలియని చీర చుట్టుకుని, తనంతట తానే తిరిగి వచ్చింది. మీ అమ్మమ్మగారి గేదె మీ వరండా పాడు చేసిందని బాధపడకు.

తర్వాత సంగతులు అందరికీ తెలిసినవే. ప్రభుత్వం లెక్కలో పోయినవాళ్లు సుమారు పదివేల మంది. హెలికాప్టర్లు పొట్లాలు వేశాయి, సైన్యం వచ్చింది, సినిమా నటులు జోలె పట్టారు, మదర్ థెరిసా వచ్చింది. మా శాసనసభ్యులు మండలి వెంకట కృష్ణారావు గారి పేరు ఇప్పటికీ ఈ సీమలో ఇంటి మనిషి పేరులా పలుకుతారు. ఉప్పు పట్టిన చేలను కాలువ నీళ్లతో కడిగి కడిగి దారికి తెచ్చుకున్నాం. నాకు తిండి కంటే మంచినీళ్ల కరువే ఎక్కువ గుర్తు. బావుల్లో ఏం పడిందో తెలుసు కాబట్టి ఎవరూ చేద వేయలేదు. రాలిన కొబ్బరికాయలు కొట్టుకుని తాగాం.

వయసుల లెక్క మీ ఇంట్లోదే కాదు. నేను ఉద్యోగంలో చేరాక బడిలో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే, "ఉప్పెనకు కడుపులో ఉన్నాడు" అనేవారు. దాన్ని రిజిస్టరులో ఎలా రాయాలి? నాకు తోచిన తేదీ వేసేవాణ్ని. మా మండలంలో జూన్ ఒకటిన పుట్టిన నడివయసు వాళ్లు ఎక్కువగా కనిపిస్తే ఆ పాపంలో కొంత నాది.

కోనసీమ కొబ్బరితోట

మాస్టారు గారు చెప్పింది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. ఆ అనుభవానికి ఎదురు చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఇది చదివిన కుర్రవాళ్లు రేపు తుఫాను వస్తే తలుపులు బార్లా తీసుకుని కూర్చుంటారేమోనని భయం వేసి రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర. మాకు ఉప్పెన అంటే 1977 కాదు, అసలు మాకు జ్ఞాపకం నీరే కాదు, గాలి. 1996 నవంబరు 6. రాత్రి. చిన్న తుఫానే, వెడల్పు తక్కువ. వచ్చిన మేరకు మాత్రం గొడ్డలి పెట్టు పెట్టింది. మాది అప్పుడు రేకుల ఇల్లు. వెనక తలుపు గడియ తుప్పు పట్టి సరిగ్గా పడేది కాదు, రేపు మాపు అంటూ నాన్నగారు బాగు చేయించలేదు. ఆ తలుపు ఊడి తెరుచుకుంది. గాలి లోపలికి వచ్చి పోయే దారి లేక కప్పును కింది నుంచి లేపింది. రేకులు ఒకటొకటిగా కాదు, చాప చుట్టినట్టు ఒకేసారి లేచి వెళ్లాయి. ఒక రేకు మూడు తోటల అవతల దొరికింది. గాలికి తలుపు బిగించాలి, నీటికి తలుపు వదలాలి. రెండూ ఒకే రాత్రి వస్తే ఏం చేయాలో నాకు తెలియదు. మాస్టారి నాన్నగారు చేసింది తప్పు కాదు, గాలి లెక్క ప్రకారం అదే సరి.

అసలు దెబ్బ కొబ్బరికి. తెల్లవారి చూస్తే ఆకాశం ఎక్కువగా కనిపించింది. పుట్టిన నాటి నుంచి మా ఇంటి మీద అంత ఆకాశం నేను చూడలేదు. కొన్ని చెట్లు వేళ్లతో లేచాయి, కొన్ని నడిమికి విరిగాయి. వాటికి ఏడ్చి ఊరుకోవచ్చు. మొవ్వు, అంటే తలలోని లేత చిగురు, తిరిగిపోయిన చెట్లు ఉన్నాయే, అవి మనిషిని ఆరు నెలలు మోసం చేస్తాయి. మట్టలు పచ్చగానే ఉంటాయి. నాన్నగారు రోజూ పొద్దున్నే ఒక్కో చెట్టు కింద నిలబడి తల వెనక్కి వాల్చి చూసేవారు, కొత్త ఆకు వస్తోందా అని. వేసవికి మట్టలు ఒకటొకటే వాలిపోయేవి. కొత్త మొక్క పెడితే కాపు చూడడానికి ఆరేడేళ్లు. ఆయనకు అప్పటికే అరవై. అయినా పెట్టారు.

మా వైపు ఆ తుఫానుకు వెయ్యి మందికి పైగా పోయారు. కాకినాడ వైపు వేటకు వెళ్లిన పడవలు చాలా వరకు తిరిగి రాలేదు. ఆ ఇళ్లలో తలుపు మాట ఎవరూ ఎత్తరు.

రేవు పక్క

మాది నాగాయలంక రేవు. వేటకు పోయే కుటుంబం. ఉప్పెనకు నేను పుట్టలేదు. మా అమ్మ చెప్పిందే వినడం. మడ అడవి దట్టంగా ఉన్న చోట అడవి వెనక కొందరు బతికారని, ఎదురు లేని చోట ఊరికి ఊరే తుడిచిపెట్టుకుపోయిందని చెప్పేది. మడ వేర్లు పైకి వచ్చి దువ్వెన పళ్లలా ఉంటాయి కదా, "సముద్రానికి తల దువ్వి పంపుతుంది" అనేది. ఇప్పుడు ఆ మడను కొట్టి రొయ్యల చెరువులు తవ్వినవాళ్లలో మా చుట్టాలూ ఉన్నారు, అందుకే గట్టిగా మాట్లాడలేను.

నాకు తెలిసింది 1990 మే 9. అప్పుడు నాకు పదేళ్లు. ఆ తుఫాను కూడా కృష్ణ ముఖద్వారం దగ్గరే వచ్చింది. గాలిలో 1977కు ఏ మాత్రం తీసిపోదని పెద్దవాళ్లు అంటారు. కానీ ఈసారి ముందే జీపు మీద మైకు కట్టుకుని వచ్చి చెప్పారు, లారీలు పెట్టారు, లక్షల మందిని తీరం నుంచి తీసుకెళ్లారు. ప్రాణనష్టం 1977తో పోలిస్తే పదో వంతు. రానని మొండికేసిన మా తాతను మా మేనమామ బుజాన వేసుకుని లారీ ఎక్కించాడు. తాత దారి పొడుగునా తిట్టాడు.

ఇక తలుపు సంగతి. మమ్మల్ని తుఫాను షెల్టరుకు తీసుకెళ్లారు. ఎత్తు స్తంభాల మీద హాలు, కింద నీళ్లు పోవడానికి ఖాళీ. మెట్లెక్కి చూస్తే తాళం. మామూలు రోజుల్లో అందులో ఏవో బస్తాలు నిల్వ పెట్టేవారు. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఒకాయన అవనిగడ్డలో ఉందన్నాడు, ఇంకొకాయన బందరులో ఉందన్నాడు. మెట్ల మీద రెండు మూడు వందల మందిమి, పిల్లల్ని ఎత్తుకుని, వానలో. చివరికి మా అమ్మ కొంగు బిగించి, పడవ లంగరు తెమ్మని చెప్పి, దానితో రెండు దెబ్బలు వేసింది. తాళం ఊడలేదు, గొళ్లెం ఊడింది.

తర్వాత ఎవరో వచ్చి ప్రభుత్వ ఆస్తికి నష్టం అని రాసుకున్నారు. మా అమ్మ వేలిముద్ర కూడా వేసింది.

కోనసీమ కొబ్బరితోట

అమ్మగారికి నా దండం చెప్పండి.

నాగాయలంక మనవరాలు

ఆలస్యానికి క్షమించండి. అందరి జవాబులూ ఫోనులో చదివి వినిపిస్తే బాగుండదనిపించి, శని, ఆదివారాలు చూసుకుని ఊరికి వెళ్లి, అమ్మమ్మ పక్కన కూర్చుని చదివాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. చెల్లెలు నీళ్లు తాగిన చోట చేతులు ఆగాయి. పక్కింటి ద్వారబంధం దగ్గర "ఊఁ" అంది. లంగరు దగ్గర నవ్వింది. నేను ఆమెను అలా నోరు తెరిచి నవ్వగా చూసి చాలా కాలమైంది.

చదవడం అయ్యాక, ఇదేనా అమ్మమ్మా గడియ వేయనివ్వకపోవడానికి కారణం అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. గిన్నెలో కాయలు అయిపోయాయి. తర్వాత అంది:

"మాస్టారు లోపలివాళ్ల సంగతి చెప్పాడు. నేను లోపల లేనా? నాకు తెలియదా? బయటివాళ్ల సంగతి ఎవరు చెబుతారు?"

ఆ రాత్రి వాళ్లు తమ ఇంట్లో లేరట. తాతయ్య ముందే అందరినీ ఊళ్లోని ఒక డాబా ఇంటికి తీసుకెళ్లాడట. ఊరి మొత్తానికి అదొక్కటే సున్నం వేసిన ఇటుక గోడల ఇల్లు, ఎత్తు అరుగులు. మా ఊరు తీరానికి కాస్త దూరం కాబట్టి నీళ్లు అరుగులు దాటి కిటికీల దాకా వచ్చి ఆగాయట. ఒక్క గదిలో నలభై మంది. గాలికి తలుపు ఊడుతుందని మగవాళ్లు గడియ వేసి, మంచం అడ్డం పెట్టి, దానికి వీపులు ఆనించి నిలబడ్డారట. తాతయ్య కూడా. మొదట తలుపు గాలికి కొట్టుకుంటోందనుకున్నారట. అమ్మమ్మ మాత్రం, "గాలి ఎడాపెడా కొడుతుంది, ఇది మూడు కొట్టి ఆగుతోంది, మళ్లీ మూడు కొట్టి ఆగుతోంది" అని చెప్పిందట. ఆ హోరులో ఆమె మాట వినబడలేదో, విన్నా తీయలేకపోయారో. చంకలో చిన్న మామయ్య ఉన్నాడు. కాసేపటికి చప్పుడు ఆగిపోయిందట.

తెల్లవారి తలుపు తీశాక ఏం చూశారో నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. తాతయ్య బతికున్నన్నాళ్లూ ఈ మాట వాళ్లిద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదని మాత్రం అంది.

నేను హైదరాబాదు ఇంటి గురించి ఇక్కడ హాస్యంగా రాశాను. ఆ వాక్యం తీసేద్దామనుకున్నాను, తర్వాత ఉంచేశాను.

కొబ్బరితోట బాబాయి గారూ, మీరు చెప్పిన గాలి లెక్క కూడా ఆమెకు వివరించాను. "ఆయన చెప్పిందీ నిజమే, అందుకే కదా జారుముడి" అంది.

బయలుదేరేటప్పుడు బస్సు దాకా వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, మాస్టారు గారిని ఒక మాట అడగమంది. కొమ్ముకు చీరతో తిరిగి వచ్చిన ఆ గేదె తర్వాత ఈనిందా అని.

కోడూరు మాస్టారు

రెండుసార్లు ఈనిందని చెప్పమ్మా. రెండూ పెయ్యలే. మొదటి ఈతలో దాని పాలు అమ్మిన డబ్బుతోనే నాకు పదో తరగతి పరీక్ష రుసుము కట్టారు.

ఆ చీర మా అమ్మ ఉతికి, దండెం మీద ఆరేసి, దారిన పోయేవాళ్లకు కనిపించేలా చాలా రోజులు ఉంచింది. ఎవరూ రాలేదు.